అగాథా ఆల్ ఎలాంగ్ ప్రీమియర్‌కి ఫ్యాన్స్ ఎందుకలా ఊగిపోయారు? మొదటి ఎపిసోడ్ సగంలో ఆపేసిన తమ్ముడికి జవాబు

తమ్ముడూ, నీ ప్రశ్న ముందు ఒకసారి చెప్పుకుందాం, మిగతావాళ్లకీ అర్థమవుతుంది. మార్వెల్ వాళ్ల అగాథా ఆల్ ఎలాంగ్ పెట్టావు, సూపర్‌హీరో సిరీస్ కదా అని కూర్చుంటే పోలీస్ స్టేషన్, మబ్బు పట్టిన ఊరు, అడవిలో శవం, ఎప్పుడూ చిరాగ్గా ఉండే లేడీ డిటెక్టివ్, ఇదేంట్రా బాబూ అని సగంలో ఆపేశావు. బయటేమో ఆ ప్రీమియర్ గురించి ఇప్పటికీ పూనకం వచ్చినట్టు మాట్లాడేవాళ్లున్నారు, ఒకటి రేటింగ్ ఇచ్చి చెత్త అని తిట్టేవాళ్లూ ఉన్నారు. వీళ్లలో ఎవరి మాట నమ్మాలి, ఈ అగాథా మొదట కనపడిన వాండావిజన్ సిరీస్ చూసి రావాలా, కామిక్స్ చదవాలా. అంతే కదా?

నేను 2008లో ఐరన్ మ్యాన్ వచ్చినప్పట్నుంచీ మార్వెల్ వదలకుండా ఫాలో అవుతున్నా, కామిక్స్ పిచ్చి దానికంటే పాతది, అందుకని కొంచెం పొడుగ్గా చెప్తా, ఓపిక పట్టు. స్పాయిలర్ల సంగతి: ముందు మొదటి రెండు ఎపిసోడ్ల గురించే మాట్లాడతా, అవి దాటి పెద్ద విషయాలు విప్పే ముందు ఆగి చెప్తా, అక్కడ నువ్వు చదవడం ఆపేయొచ్చు.

2024 సెప్టెంబర్ 18న అమెరికాలో సాయంత్రం పూట రెండు ఎపిసోడ్లు ఒకేసారి వదిలారు, మనకి అది 19 పొద్దున్న ఆరున్నర, హాట్‌స్టార్‌లో. అక్కడ ఆఫీసు నుంచి వచ్చి టీవీ ముందు కూర్చున్న మనవాళ్లు, ఇక్కడ ఆఫీసుకి వెళ్లే ముందు ఫోన్లో చూసినవాళ్లు అందరూ ఒకే టైంలో చూశారు కాబట్టి స్పాయిలర్ల గొడవ పెద్దగా లేదు, గొడవంతా చూశాక మొదలైంది.

అసలు ఆ రోజుకి ఫ్యాన్స్ మూడ్ ఎలా ఉందో తెలియకపోతే ఆ రియాక్షన్స్ అర్థం కావు. 2023 మార్వెల్‌కి దరిద్రమైన సంవత్సరం, జూన్‌లో సీక్రెట్ ఇన్వేజన్ సిరీస్ చూసి జనం తల పట్టుకున్నారు, నవంబర్‌లో ద మార్వెల్స్ సినిమా ఎంసీయూ (మార్వెల్ సినిమాలన్నీ కలిసిన ఒకే కథా ప్రపంచం) మొత్తంలో తక్కువ వసూళ్ల సినిమాగా మిగిలింది. 2024 జూలైలో డెడ్‌పూల్ అండ్ వుల్వరిన్ 130 కోట్ల డాలర్లు దాటేసి ఊపిరి పోసింది కానీ అది థియేటర్ సంగతి, టీవీ మీద మాత్రం నమ్మకం తిరిగి రాలేదు. అలాంటి టైంలో వాండావిజన్‌లో సైడ్ క్యారెక్టర్‌గా ఉన్న పక్కింటావిడకి ఒక సొంత సిరీస్ అంటే ఎవరడిగారు ఇది అన్నవాళ్లే ఎక్కువ. దానికి తోడు ఆ పేరు మార్పిళ్లు! 2021లో అగాథా: హౌస్ ఆఫ్ హార్క్‌నెస్ అని అనౌన్స్ చేశారు, తర్వాత కోవెన్ ఆఫ్ కేయాస్ అన్నారు, తర్వాత డార్క్‌హోల్డ్ డైరీస్ అన్నారు, మధ్యలో ఇంకో వెటకారం పేరు, చివరికి అగాథా ఆల్ ఎలాంగ్. ఇదంతా కావాలని ఆడిన ఆట అని వాళ్లే చెప్పుకున్నారు, మంత్రగత్తె షో కదా మోసం చేయడం మామూలే అన్నట్టు. కానీ అప్పుడు చూసేవాళ్లకి మాత్రం ఏం తీస్తున్నారో వీళ్లకే తెలీదు అనిపించింది. సో ఎక్స్‌పెక్టేషన్ నేల మీద ఉంది, ఆ రోజు వచ్చిన పొగడ్తల్లో కొంత ఆ తేడా వల్ల కూడా వచ్చిందే, అది ఒప్పుకోవాలి.

ఇప్పుడు నువ్వు ఆపేసిన మొదటి ఎపిసోడ్. అది ఒక పేరడీ తమ్ముడూ. 2021లో హెచ్‌బీఓలో కేట్ విన్స్‌లెట్ చేసిన మేర్ ఆఫ్ ఈస్ట్‌టౌన్ అని చిన్న ఊళ్లో మర్డర్ కేసు సిరీస్ ఒకటుంది, దాన్ని అచ్చు దించారు, టైటిల్స్‌తో సహా, అగ్నెస్ ఆఫ్ వెస్ట్‌వ్యూ అని ఒక దొంగ టైటిల్ వేసి, దాని కింద ఇది వాండావిస్‌డీసెన్ అనే డేనిష్ సిరీస్ ఆధారంగా అని కూడా వేశారు, అలాంటి సిరీస్ లేనే లేదు! ఈ క్రైమ్ సిరీస్‌లు సగం డెన్మార్క్ వైపు నుంచి తెచ్చుకున్నవే కదా, దాని మీద పంచ్ అన్నమాట. వాండావిజన్ చివర్లో ఆ సిరీస్ హీరోయిన్, మంత్రశక్తులున్న వాండా ఈ అగాథాని మంత్రం వేసి అగ్నెస్ అనే వేషంలో ఇరికించేసి పోయింది, మూడేళ్ల తర్వాత కూడా ఈవిడ ఆ మాయలోనే ఉండి, తనని తాను ఒక క్రైమ్ సిరీస్ హీరోయిన్ అనుకుంటోంది, ఊళ్లో మిగతావాళ్లేమో పాపం పిచ్చిది అని సర్దుకుపోతున్నారు. నువ్వు చూసిన స్టేషన్, కేసు, శవం అన్నీ ఆవిడ బుర్రలో నడుస్తున్నవి. సగంలో ఆపేసి షో బాలేదనడం విస్తరిలో ఉప్పు వడ్డించగానే లేచిపోయినట్టు.

ఫ్యాన్స్ ఎక్కడ ఊగిపోయారంటే అందులో దాచిన సరుకు దగ్గర. కేసులో ఒక లైబ్రరీ పుస్తకం దొరుకుతుంది చూశావా, డైలాగ్ అండ్ రెటరిక్, నోన్ హిస్టరీ ఆఫ్ లెర్నింగ్ అండ్ డిబేట్ అని నోరు తిరగని పేరు, ఇంగ్లిష్‌లో ఆ పదాల మొదటి అక్షరాలు కలిపితే డార్క్‌హోల్డ్ వస్తుంది, అంటే వాండాని పాడుచేసిన ఆ క్షుద్ర గ్రంథం. రాసినాయన పేరు ఆండ్రూ యూగో, ఆ ఇంగ్లిష్ అక్షరాలు అటూ ఇటూ మారిస్తే వుండగోర్, డాక్టర్ స్ట్రేంజ్ సినిమా మల్టీవర్స్ ఆఫ్ మ్యాడ్‌నెస్ చివర్లో వాండా తన మీద తనే కూల్చుకున్న కొండ పేరు. ప్రీమియర్ అయిన గంటలోపే పాజ్ చేసి పట్టేశారు ఇవన్నీ. ఆ శవం వేళ్ల చివర్లు నల్లగా ఉన్నాయని ఇంకొకళ్లు, అది డార్క్‌హోల్డ్ వాడినవాళ్లకి వచ్చే మచ్చ. చివరికి శవం ట్యాగ్ మీద డబ్ల్యూ. మాక్సిమాఫ్ (వాండా ఇంటిపేరు) అని కనపడగానే ఒక పెద్ద యుద్ధం, వాండా నిజంగా చచ్చిపోయిందా, ముఖం చూపించలేదు కదా, వాండా వేషం వేసిన ఎలిజబెత్ ఓల్సెన్ వస్తుందా రాదా అని. (రాలేదు. ఆ ఆశతో చూస్తే మాత్రం నిరాశే, ముందే చెప్తున్నా.)

ఇక మాయ విడిపోయే సీన్. అగాథా నిలబడి ఒక్కో దశాబ్దం డ్రెస్సు మీద డ్రెస్సు పీకేసుకుంటూ, ఒక్కో వేషానికి ఒక్కో రకం నటన మారుస్తూ, అన్నీ పోయాక ఒంటి మీద నూలుపోగు లేకుండా వీధిలోకి వస్తుంది. ఆ డ్రెస్సులన్నీ వాండావిజన్‌లో ఒక్కో కాలం సిట్‌కామ్‌కి వేసుకున్నవాటి గుర్తులు. అగాథాగా చేసిన క్యాథరిన్ హాన్ ఎలాంటి నటో తెలియాలంటే ఆ ఒక్క సీన్ చాలు. తిట్టినవాళ్లు కూడా ఆవిణ్ణి తిట్టలేదు, అది గమనించు. చివరికి మరుసటి జనవరి గోల్డెన్ గ్లోబ్స్‌లో కామెడీ హీరోయిన్ నామినేషన్ దాకా వెళ్లింది.

తర్వాత రియో విడాల్, అంటే ఆబ్రీ ప్లాజా. మాయలో ఎఫ్‌బీఐ ఏజెంట్‌గా వచ్చి, మాయ పోగానే ఇంట్లోకి దూరి కత్తితో అగాథా మీద పడుతుంది, చంపడానికొచ్చిందో ప్రేమ చెప్పడానికొచ్చిందో చూసేవాళ్లకి అర్థం కాదు, ఇద్దరూ పాత ప్రేమికులని ఒక్క డైలాగ్ లేకుండా ఆ చూపుల్లోనే తెలిసిపోతుంది. ప్రీమియర్ రాత్రి అన్నిటికంటే ఎక్కువ తిరిగిన క్లిప్పులు, బొమ్మలు, ఎడిట్‌లు వీళ్లిద్దరివే. ఆడవాళ్లిద్దరి మధ్య ప్రేమని మార్వెల్ ఇంతకుముందు ఒక్క లైనులో పెట్టి, కొన్ని దేశాల్లో కోసేసుకోవడానికి వీలుగా ఉంచేది, ఇక్కడ కథకి వెన్నెముకే అది. దాంతో ఒక వర్గం సంబరం చేసుకుంది, ఇంకో వర్గం సరిగ్గా దాని మీదే పడి ఏడ్చింది. నువ్వు చూసిన ఒకటి రేటింగ్‌లలో మంచి భాగం ఈ రెండో బ్యాచ్‌వే, వాటిలో సగం మంది షో చూశారని కూడా నేను నమ్మను, సీన్ గురించి ఒక్క మాట ఉండదు, ఆడవాళ్లు ఎక్కువయ్యారనే గోల తప్ప. వాటిని పక్కన పడేయ్.

పక్కన పడేయకూడని విమర్శలు కూడా ఉన్నాయి. వాండావిజన్ చూడనివాడికి మొదటి ఎపిసోడ్ అడ్డుగోడే, నీకు జరిగింది అదే, అది నీ తప్పు కాదు, తీసినవాళ్లు తెలిసే చేశారు. రెండో ఎపిసోడ్‌లో మంత్రగత్తెల గుంపుని పోగేసే పని హడావిడిగా అయిపోతుంది. జోస్యం చెప్పుకునే లిలియా (పాటి లుపోన్), ఒంటికి రాసుకునే క్రీములూ లోషన్లూ అమ్ముకునే జెన్ (సషీర్ జమాటా), పోలీసు ఉద్యోగం పోయి మాల్‌లో సెక్యూరిటీ చేసే ఆలిస్ (అలీ ఆన్), ఒక్కొక్కరికి ఒక్కో చిన్న సీన్, ఆలిస్‌కైతే మరీ అన్యాయం. నాలుగో పేరు రాయాల్సిన చోట నల్లటి గుండె బొమ్మ ఒకటి ఉంటుంది, ఆ మనిషిని పిలవడం ఇష్టం లేక అగాథా పక్కింటి షారన్‌ని, ఏ మంత్రమూ రాని మామూలు ఆవిణ్ణి, లాక్కొస్తుంది. డెబ్రా జో రప్ ఆ పాత్రలో వెలిగిపోయింది, ఆ రోజు రియో తర్వాత జనం ఎక్కువ ప్రేమించింది ఈవిడనే అనుకుంటా, మంత్రగత్తెల మధ్య ఏం జరుగుతోందో తెలియక తిరిగే మన పిన్నిలాగా ఉంటుంది.

ఖర్చు గురించి ఒక మాట. మొత్తం సీజన్ 4 కోట్ల డాలర్ల లోపు అయిందని అప్పట్లో వార్తలొచ్చాయి, మార్వెల్ లైవ్ యాక్షన్ సిరీస్‌లలో అది బాగా తక్కువ. సెట్లు నిజంగా కట్టి తీశారు, గ్రాఫిక్స్ తగ్గించారు, చూస్తుంటే అది తెలుస్తుంది కూడా. చవగ్గా ఉంది అన్నవాళ్లున్నారు, నాకైతే సీక్రెట్ ఇన్వేజన్ కంటే ఈ అట్టముక్కల అడవి నయం. మొదటి 7 రోజుల్లో 93 లక్షల వ్యూస్ వచ్చాయని డిస్నీ చెప్పుకుంది, పెట్టిన డబ్బుతో చూస్తే లాభసాటి బేరమే.

ఇప్పుడు పాట. రెండో ఎపిసోడ్‌లో అగాథా ఇంటి కింద గదిలో అందరూ గుండ్రంగా నిలబడి విచెస్ రోడ్ (మంత్రగత్తెల దారి) పాట పాడతారు, పాడితే దారి తెరుచుకుంటుంది, ఆ దారి చివర ఎవరికి ఏది పోయిందో అది దొరుకుతుంది, ఇదీ కథ. పాట కట్టింది క్రిస్టెన్ ఆండర్సన్-లోపెజ్, రాబర్ట్ లోపెజ్ దంపతులు, ఫ్రోజెన్ పాటలు వాళ్లవే, వాండావిజన్‌లో అగాథా గుట్టు బయటపడే పాటకి 2021లో ఎమ్మీ కొట్టిందీ వీళ్లే, ఈ సిరీస్ పేరు ఆ పాటదే. పాటి లుపోన్ అంటే బ్రాడ్‌వేలో, అంటే న్యూయార్క్ నాటకరంగంలో, చాలా పెద్ద పేరు, 1980లోనే టోనీ అవార్డు తీసుకుంది, ఆవిడ గొంతు ఆ గుంపులో కలిసేసరికి అసలు మార్వెల్ షో చూస్తున్నామనేదే మర్చిపోయారు జనం. ఆ పాట మర్నాటి నుంచీ అందరి నోళ్లలో, గిటార్ కవర్లు, కోరస్ కవర్లు, షో వాళ్లే సీజన్ పొడుగునా దాన్ని రాక్‌గా ఒకసారి పాప్‌గా ఒకసారి మార్చి మార్చి వాడారు. ఎపిసోడ్ల పేర్లు కూడా ఎక్కువ భాగం ఈ పాట లైన్లే. ఈ పాట సంగతి గుర్తుపెట్టుకో, మళ్లీ వస్తా.

థియరీలు. పేరు లేని కుర్రాడు ఒకడుంటాడు, టీన్ అంటారంతే, పేరు చెప్పబోతే మంత్రం పడి నోరు కుట్టేసినట్టయిపోతుంది, మాట వినపడదు. జో లాక్‌ని తీసుకున్నారని 2022 చివర్లో వార్త వచ్చిన రోజునే వాండా కొడుకు బిల్లీ అని జనం ఫిక్సయిపోయారు, ప్రీమియర్ చూశాక కాదేమో, మనల్ని తప్పుదారి పట్టించడానికేమో అని ఇంకో బ్యాచ్ తయారైంది, కామిక్స్‌లో అగాథాకి నికొలస్ స్క్రాచ్ అని కొడుకున్నాడు కాబట్టి వీడు వాడేనేమో అని. మాయలో ఉన్న అగాథా ఇంట్లో ఒక పిల్లాడి గది కనపడుతుంది, ఆ థియరీకి అదే ఆధారం. రియో ఎవరు, ఆ నల్ల గుండె ఏంటి అని ఇంకో పంచాయితీ. ఇక మెఫిస్టో, మార్వెల్ కామిక్స్‌లో సైతాను లాంటి విలన్! 2021లో వాండావిజన్ టైంలో ప్రతి ఈగలోనూ దోమలోనూ మెఫిస్టోని చూసి బొక్కబోర్లా పడ్డ ఫ్యాండమ్ ఇది, మళ్లీ అదే పాట మొదలెట్టింది, సగం జోకు సగం ఆశ. ఈ షో మూడో ఎపిసోడ్‌లో ఆ పేరు ఒక్కసారి అనిపించి వదిలేశారు, మనిషి మాత్రం 2025లో ఐరన్‌హార్ట్ సిరీస్‌లో గానీ దిగలేదు.

ఇక్కడ ఆగు తమ్ముడూ. ఇక్కణ్ణుంచి సీజన్ చివరిదాకా గుట్టు విప్పేస్తున్నా, చూద్దామనుకుంటే ఈ తర్వాతి మూడు పేరాలు వదిలేసి ఎలా చూడాలో చెప్పిన చోటికి పో.

ప్రీమియర్ నాటి థియరీల్లో ఎవరు అనే ప్రశ్నలన్నీ ఫ్యాన్స్ కరెక్ట్‌గానే కొట్టారు. కుర్రాడు బిల్లీయే, ఐదో ఎపిసోడ్ చివర్లో తేలింది, వెస్ట్‌వ్యూ ఊరి మీద వాండా వేసిన మాయ కూలిన రోజు కారు యాక్సిడెంట్‌లో పోయిన విలియం కాప్లాన్ అనే అబ్బాయి ఒంట్లోకి వచ్చాడని ఆరో ఎపిసోడ్. నోరు కట్టేసిన మంత్రం లిలియా వేసిందే. రియో అంటే మృత్యువే, ఏడో ఎపిసోడ్‌లో లిలియా జోస్యం చెప్పే టారో కార్డులతో పాటు అది కూడా తిరగబడింది, నా లెక్కలో సీజన్‌లో బెస్ట్ అదే, షో రన్నర్ జాక్ షేఫర్ (ఆవిడ, పేరు చూసి మగాడనుకోకు) స్వయంగా డైరెక్ట్ చేసింది.

కానీ ఎక్కువమంది అడగనే అడగని ప్రశ్న ఒకటి కళ్ల ముందే ఉంది: అసలు ఆ దారి ఉందా? ఎవరు, వీడెవడు, ఆవిడెవరు అని వెతకడంలో పడి, ఏంటి అనేది వదిలేశాం. చివరి ఎపిసోడ్‌లో తెలిసేదేంటంటే ఆ పాట అగాథా, ఆవిడ కొడుకు నిక్కీ దారి వెంట నడుస్తూ సరదాగా కట్టుకున్నది, కొడుకు పోయాక ఆవిడ దాన్ని ఎరగా వాడింది, వందల ఏళ్లు. మంత్రగత్తెల్ని పోగేయడం, పాట పాడించడం, దారి రాకపోతే వాళ్లని రెచ్చగొట్టి తన మీద మంత్రాలు విసిరేలా చేసి, ఆ శక్తి లాక్కుని చంపేయడం. ఈసారి మాత్రం దారి నిజంగా తెరుచుకుంది, ఎందుకంటే పక్కనున్న బిల్లీ తనకే తెలియకుండా తల్లి లాగే ఒక లోకం సృష్టించేశాడు, తన బెడ్‌రూంలో ఉన్న పోస్టర్లూ బొమ్మల్లోంచి.

ఇది తెలిశాక రెండో ఎపిసోడ్ మళ్లీ చూడు. పాట అయిపోగానే తలుపు రాదు, అగాథా ఒక్కొక్కరి మీదా పడి తిట్టడం మొదలెడుతుంది, కొట్టండి నన్ను అన్నట్టు. ప్రీమియర్ రోజు దాన్ని అందరం ఆవిడ పొగరు, కామెడీ అనుకుని నవ్వాం. అది హత్యకి రంగం సిద్ధం చేయడం! తలుపు తెరుచుకున్నప్పుడు ఆవిడ ముఖం చూడు, హాన్ అప్పుడే చేసి పెట్టేసింది. కథలో మంత్రగత్తెలు పాటకి పడిపోయినట్టే బయట మనమూ పడిపోయాం, ప్రతివాడూ ఇంట్లో కూర్చుని కవర్ పాడుతూ అది ఉచ్చని గుర్తించకుండా. అందుకే నేనేమంటానంటే ప్రీమియర్‌ని ఆకాశానికెత్తినవాళ్లు మంచి ప్రీమియర్ అన్నారు కానీ ఎంత మంచిదో వాళ్లకీ ఆ రోజు తెలీదు. ఆ చివరి రెండు ఎపిసోడ్లు అమెరికాలో అక్టోబర్ 30న, మనకి 31 పొద్దున్న వచ్చాయి, ఆ రోజు దీపావళి, తలంటుకి రారా అని అమ్మ అరుస్తుంటే నూనె రాసుకున్న చేత్తో ఫోన్ పట్టుకుని చూసినవాళ్లు ఎంతమందో.

సరే, ఎలా చూడాలి. వాండావిజన్ 9 ఎపిసోడ్లు, టైం ఉంటే మొత్తం చూడు, అది కూడా మొదటి రెండూ నలుపు తెలుపు సిట్‌కామ్‌లే, మళ్లీ ఇదేంట్రా అని ఆపేయకు. టైం లేదంటే ఏడు, ఎనిమిది, తొమ్మిది చాలు, ఎనిమిదో దాంట్లో 1693 సేలంలో అగాథా వెనకటి కథ ఉంది, అది తప్పకుండా. మల్టీవర్స్ ఆఫ్ మ్యాడ్‌నెస్ చూడకపోయినా కొంప మునగదు, వాండా డార్క్‌హోల్డ్ చదివి చెడిపోయి చివరికి కొండ కింద పడిందని తెలిస్తే సరిపోతుంది. తర్వాత అగాథా మొదటి రెండు ఎపిసోడ్లు ఒకే కూర్చోలో, మధ్యలో ఆపకుండా. రెండూ కలిపి వదిలింది అందుకే, మొదటిదాన్ని ఒంటరిగా వదిలుంటే నీలాంటివాళ్లు ఇంకా చాలామంది పోయేవాళ్లు. రెండోది అయ్యాక కూడా నచ్చకపోతే నిర్మొహమాటంగా ఆపేయ్, అది నీకు పడే రకం కాదు, మూడో నాలుగో ఎపిసోడ్లకి మారిపోదు.

కామిక్స్ అక్కర్లేదు. అగాథా 1970లో ఫెంటాస్టిక్ ఫోర్ 94లో స్టాన్ లీ, జాక్ కిర్బీ పుట్టించిన ముసలి ఆయా, రీడ్ రిచర్డ్స్ కొడుకుని చూసుకునేది, ఈ హాన్ అగాథాకీ దానికీ పేరు తప్ప పోలికలు తక్కువ. సేలంస్ సెవెన్ (సిరీస్‌లో అగాథా వెంటపడే మంత్రగత్తెల గుంపు), నికొలస్ స్క్రాచ్ 1977లో అదే కామిక్‌లో వచ్చారు, అక్కడ నికొలస్ విలన్, ఇక్కడ అలా కాదు. చదవాలని దురద ఉంటే 2005లో మొదలైన యంగ్ అవెంజర్స్ పట్టుకో, ఆ కుర్రాడి పాత్ర అక్కణ్ణుంచే తెచ్చారు, కాకపోతే సీజన్ ఐదో ఎపిసోడ్ దాటాకే మొదలెట్టు.